మల్లెపూలతో ఇంజను పేల్చిన వైనం

ముందుగా ఒక ఫిర్యాదు. మా మేనమామ కొడుకు నర్సింగ్ బావ పెళ్ళినాడు పురానాపూల్ వంతెన మీద జరిగిన ఘోరాన్ని మా బంధువుల్లో చెప్పనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఏ పెళ్ళి జరిగినా పానకం తర్వాత ఆ కథే వడ్డిస్తారు. ఆ రోజు ఉయ్యాలలో ఉన్నవాళ్ళు కూడా కళ్ళారా చూసినట్టు చెబుతారు. కానీ కారు నడిపినవాణ్ణి నేను, కథ చెప్పేవాళ్ళ పక్కనే కూర్చుని ఉంటాను, నన్ను మాత్రం ఒక్కరూ అడగరు. చెబుదామని గొంతు సవరించుకుంటే చాలు, "యాదగిరికి మంచినీళ్ళియ్యుండ్రి" అంటారు. నేను ఆ నీళ్ళు తాగేలోపు కథ అయిపోతుంది, అందరూ నవ్వుతుంటారు, నా చేతిలో ఖాళీ గ్లాసు మిగులుతుంది.

అందుకే ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. మీ చేతిలో గ్లాసు ఉంటే పక్కన పెట్టండి. ఇందులో ఒక విలాయతీ కారు ప్రాణం పోతుంది, ఒక ముహూర్తం పోబోతుంది, ఒక మనిషి పరువు పూర్తిగా పోతుంది. ఆ మూడోది నాది.

అసలు మూలం కారు కాదు, లారీ. మా మామ మొఘల్‌పురాలో పెళ్ళిళ్ళకు గంగాళాలు, గిన్నెలు, షామియానాలు కిరాయికిచ్చేవాడు. ఆయన పెద్దకొడుకు పెళ్ళికి అందరినీ బండ్లలో సర్ది, చివర మిగిలిన నన్ను తీసుకెళ్ళి గిన్నెల లారీ ఎక్కించాడు. ఇస్త్రీ చేసిన కొత్త ప్యాంటుతో రెండు గంగాళాల మధ్య కూర్చున్నాను. లారీ గుంతలో పడ్డప్పుడల్లా కుడి గంగాళం నన్ను ఎడమ గంగాళానికి అప్పగించేది, ఎడమది కుడిదానికి. దిగేసరికి నా చెవుల్లో ఒక పూర్తి బ్యాండు మేళం మోగుతోంది. పైగా పెళ్ళివారు నన్ను వంటమనిషి అనుకుని, "ఉల్లిగడ్డలు ఏడ పెట్టమంటవు?" అని అడిగారు.

మీరైతే మరిచిపోయేవారు. నేను మరిచే రకం కాదు. నా ఇస్త్రీ మడత ఎక్కడ నలిగిందో ఈ రోజుకీ వేలుపెట్టి చూపించగలను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: నర్సింగ్ బావ పెళ్ళికి నేను పోయేది పెళ్ళికొడుకు పక్కన, అందరికంటే ముందు.

దానికి నాకు తట్టిన ఉపాయం ఎంత గొప్పదో వినండి. మా గల్లీ చివర పాత దేవిడీలో, అంటే నవాబుల కాలం నాటి బంగళాలో, ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఆయనను బడే సాబ్ అనేవారు. సర్కారీ ఆఫీసులో గుమస్తాను కాబట్టి, తన నల్లాలో నీళ్ళు రావడం లేదని ఆయన పెట్టుకునే అర్జీలన్నీ నేనే టైపు చేసిపెట్టేవాణ్ణి. నీళ్ళు ఎన్నడూ రాలేదుగానీ మా స్నేహం మాత్రం పెరిగింది. ఆయన దేవిడీ షెడ్డులో ఒక ఎర్ర కారు ఉండేది. వయసులో ఉన్నప్పుడు విలాయతులో పందేల మైదానంలో పరుగెత్తించి, ఓడ ఎక్కించి తెచ్చుకున్న కారు. నేల మీద బోర్లా పడుకున్న చిరుతపులిలా ఉండేది. పైకప్పు లేదు. ముక్కు బారెడు పొడుగు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, రెండే సీట్లు.

గమనించారా? రెండే సీట్లు! ఒకటి పెళ్ళికొడుకుది. రెండోది నడిపేవాడిది. నేనే నడిపితే నన్ను గిన్నెల లారీ ఎక్కించే మొనగాడు ఈ భూమ్మీద ఉండడు. ఆఫీసు జీపు మీద ఖాళీ మైదానంలో నడపడం నేర్చుకున్నాను కూడా. జీపుకూ పందెపు కారుకూ మధ్య ఎడ్లకూ గుర్రానికీ ఉన్నంత తేడా ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు. తెలిసినా ఆగేవాణ్ణి కాదు.

బడే సాబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన చాలాసేపు గడ్డం దువ్వుకున్నాడు.

"మియాఁ, యే గాడీ నహీఁ, షేర్నీ హై షేర్నీ," అన్నాడు. ఇది కారు కాదు, ఆడపులి అని. "షాదీలల్ల గుర్రం లెక్క అడుగు అడుగు నడిచేది గాదు ఇది."

"నేను జాగ్రత్తగా చూసుకుంట సాబ్. మీ అర్జీలు జీవితాంతం నేనే కొడత."

ఆ చివరి మాట ఆయన మనసు కరిగించింది. అయితే ఒక షరతు పెట్టాడు: ముందు ఖాదర్ భాయ్‌ను కలవాలి. ఖాదర్ భాయ్ కార్వాన్‌లో మెకానిక్. ఆ కారును తాకే అధికారం పాతబస్తీ మొత్తంలో ఆయన ఒక్కడికే ఉండేది. పెళ్ళికి ముందురోజు వచ్చి ఇంజను మూత ఎత్తి, పసిపిల్లను చూసినట్టు చూసి, నా వైపు తిరిగాడు. ఆ చూపు మాత్రం పసిపిల్లను ఎత్తుకుపోయేవాణ్ణి చూసినట్టుంది.

"చూడు యాదగిరీ, మూడు ముచ్చట్లు చెప్త, దిల్‌ల రాసుకో. ఒకటి, ఇది ఉరికితే సల్లగుంటది, నిలవడితే గరమైతది. ఆగకుంట పో."

"పోత భాయ్."

"రెండు, ఇంజను గరం జూపే గీ ముల్లు చూసినవా? ఎర్ర గీత కాడికొస్తే బంద్ జెయ్యి. ఒక్క నిమిషం గూడ చూడకు."

"బంద్ జేస్త భాయ్."

"మూడు." కారు ముందున్న ఇనుప జాలీ మీద చెయ్యి వేశాడు. "గాలి గీడికెల్లి లోపలికి పోతది. ఇది దీని నోరు, ముక్కు, అన్నీ. దీని నోరు ముయ్యకు. సమఝే?"

"ఫికర్ జెయ్యకు భాయ్. నేను పన్నెండో తరగతి చదివిన."

"అదే నా ఫికర్," అన్నాడు ఖాదర్ భాయ్.

పెళ్ళిరోజు వచ్చింది. వధువు ఇల్లు కూడా కార్వాన్‌లోనే. ముహూర్తం పదకొండు గంటల నలభై నిమిషాలకు. ఇంకో ముహూర్తం రెండు నెలల దాకా లేదని పురోహితుడు నొక్కి చెప్పాడు. ఇక పెళ్ళికూతురి తండ్రి గడియారం చేతికి కాదు, గుండెకు కట్టుకున్న మనిషి. నిశ్చితార్థానికి మామ అరగంట ఆలస్యంగా వెళ్తే, "గిట్లనే పెళ్ళి దినం జేస్తే మా పిల్ల ఇంట్లనే ఉంటది" అని ముఖం మీదే అన్నాడు. బావ ముఖం అప్పుడే పాలిపోయింది. ఆ పిల్లంటే బావకు ప్రాణం. కనుక ఎవరి పరువు ఎలా ఉన్నా, పదకొండు నలభైకి పెళ్ళికొడుకు పీటల మీద ఉండాలి. ఇది మీరు మరవకండి. నేను మాత్రం ఆ రోజు మరిచాను.

తొమ్మిది గంటలకు ఎర్ర కారును మామ గుమ్మం ముందు ఆపగానే గల్లీ మొత్తం పొంగింది! గాజుల దుకాణంవాళ్ళు గాజులు వదిలేసి వచ్చారు. అత్తమ్మ దిష్టి తీసింది, బావకు కాదు, కారుకు. అప్పుడు పూలవాడు మల్లెపూల చాదర్ తెచ్చాడు. రెండు వేళ్ళ మందం, చాప అంత వెడల్పు. పెళ్ళికారు మూతికి పూల చాదర్ కట్టనిదే బరాత్ ఊరేగింపు కదలదు మా దగ్గర. కట్టకపోతే చావుకు పోతున్నట్టుంటుందని పెద్దవాళ్ళు తిడతారు.

ఖాదర్ భాయ్ మూడో మాట గుర్తులేదా అంటారా? గుర్తుంది. అయితే నా తర్కం వినండి. ఆయన నోరు ముయ్యొద్దన్నాడు. పూలు మూత కాదు కదా! సందుల్లోంచి గాలి దూరుతుంది, పైగా పరిమళం కలిసి దూరుతుంది. ఇంజను ఇన్నేళ్ళ తర్వాత మంచి గాలి పీల్చుకుంటుంది. ఇలా ఆలోచించి, జాలీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క వేలు కూడా దూరకుండా చాదర్ బిగించారు. ఎవరు బిగించారన్నది తర్వాత వస్తుంది. తొందరపడకండి.

ఊరేగింపు కదిలింది. ముందు మర్ఫా డప్పులు, వెనక బ్యాండు, దాని వెనక మా ఎర్ర కారు, మా వెనక వడ్డన గిన్నెలతో మామ లారీ. అందులో మామ, అత్తమ్మ, ఇంకో ఇరవైమంది. అద్దంలో లారీని చూసినప్పుడల్లా నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

కానీ ఒక చిక్కు వచ్చింది. బరాత్ నడవదు, పాకుతుంది. చిందులేసేవాళ్ళు మూడడుగులు ముందుకేసి రెండడుగులు వెనక్కి వేస్తారు. గంటకు వంద మైళ్ళు పోవడానికి పుట్టిన కారు మొదటి గేరులో, క్లచ్చి మీద వణుకుతూ, పెళ్ళిచూపుల్లో తల వంచుకున్న పిల్లలా నడుస్తోంది. ఖాదర్ భాయ్ చెప్పినట్టు బ్యాండును దాటి దూసుకుపోవచ్చు. కానీ దూసుకుపోతే నన్నెవరు చూస్తారు? అందుకని బ్యాండు మాస్టర్‌ను పిలిచి, "మాస్టర్, మెల్లగ పోండ్రి, ఖిల్వత్ దిక్కుకెల్లి తిప్పుండ్రి" అన్నాను. అక్కడ మా ఆఫీసు హెడ్ క్లర్కు ఇల్లుంది. ఆయన నన్ను ఒకసారి "ఏయ్" అని పిలిచాడు. ఆయన గుమ్మం ముందు కారు ఆపి, రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి, ఇంజనును గర్జింపజేశాను. ఆయన బనీనుతో బయటికొచ్చి నోరు తెరిచాడు. అబ్బ! ఆ క్షణం కోసం ఇంకో ఇంజను ఇమ్మన్నా ఇచ్చేవాణ్ణి.

"ఏంది యాదీ, గా ముల్లు గట్ల లేస్తుంది?" అన్నాడు బావ, తలపాగా కింది నుంచి చెమట తుడుచుకుంటూ.

చూశాను. ముల్లు ఎర్ర గీతకు గోరెడు దూరంలో ఉంది.

"ఎరుపు శుభం బావా. కుంకుమ రంగు."

"నా కాళ్ళు కాలుతున్నయ్‌రా."

"పెళ్ళికొడుకువు గద, గట్లనే ఉంటది. నువ్వు జెర నవ్వు, అందరు చూస్తున్నరు."

హుస్సేనీ ఆలం దాటేసరికి ముల్లు ఎర్ర గీతను దాటింది. దూద్‌బౌలి దగ్గర అవతలి చివర గుద్దుకుని, ఇంక పోవడానికి చోటులేక అక్కడే వణికింది. ఆపి ఇంజను చల్లార్చాలని నాకు తెలుసు. కానీ ఆగితే? వెనక లారీ ఆగుతుంది. మామ దిగుతాడు. ముందు ఏమీ చెప్పకపోయినా "చెప్పిన గదరా" అంటాడు. ఆ ఒక్క మాట వినకుండా ఉండటానికి నేను నిప్పుల గుండం మీద కూర్చోవడానికి సిద్ధపడ్డాను. నిజానికి అప్పటికే కూర్చున్నాను.

పురానాపూల్ వంతెన ఎక్కేటప్పుడు పదకొండయింది. అప్పుడు మొదలైంది చప్పుడు. టక్. టక్. టక్‌టక్.

"యాదీ, ఏందో కొడుతుంది."

"మర్ఫా బావా."

"మర్ఫా ముంగట ఉంది. ఇది మన కాళ్ళ కింద కొడుతుంది!"

"మంచి మర్ఫా అంటే గట్లనే ఉంటది, అంతట వినిపిస్తది."

టక్‌టక్ కాస్తా ఠంఠం అయింది. కారు ముక్కు నుంచి ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో మల్లెపూలు ఉడికి, వంతెన మొత్తం ఒక గొప్ప పరిమళం కమ్ముకుంది. చిందులేసేవాళ్ళు అది మా ఏర్పాటే అనుకుని, "వాహ్, యాదగిరన్నా! మస్తు!" అని ఈలలు వేశారు. ఏం చేయాలో తోచక నేను చెయ్యి ఊపాను. ఊపుతూ, ఇంజను ఆగిపోతుందేమోనని యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కాను.

పాఠకులారా, తొక్కకూడనిది అదే.

ఢమాల్!

చార్మినార్ పావురాలు లేచాయని తర్వాత చెప్పారు. అంత దూరం నేను నమ్మను, కానీ పురానాపూల్ పావురాలు మాత్రం లేచాయి. ఇంజను పక్కటెముక చీల్చుకుని సలసల కాలుతున్న ఒక ఇనుప రాడ్డు బయటికి దూకి, రోడ్డు మీద గిర్రున తిరుగుతూ బ్యాండువాళ్ళ మధ్యకు పోయింది. డోలు వాయించేవాడు పెళ్ళివారు ఇనాం విసిరారనుకుని ఆశగా పట్టుకున్నాడు. అంత ఎత్తున పాడగలడని అతనికే తెలియదు. కారు కింద నల్లటి నూనె మడుగు కట్టింది. రేడియేటర్ మూత ఎగిరి నదిలో పడింది. పైనుంచి ఉడికిన మల్లెపూలు మా ఇద్దరి నెత్తిన అక్షింతల్లా రాలాయి.

ఆ తర్వాత వెనక లారీ తలుపు తెరుచుకున్న చప్పుడు.

"యాదిగా!" అన్నాడు మామ.

"మామా, చిన్న రిపేరు."

"చిన్నదా? గా బొక్కల నా చెయ్యి పడతది గదరా!"

"చెయ్యి పెట్టకు మామా, కాలుతది."

"నువ్వు చెప్తవారా నాకు, ఏది కాలుతదో!"

వంతెన ఇరుకు. ముందు మేము, వెనక లారీ, ఆ వెనక రిక్షాలు, టాంగాలు, గడ్డిబండ్లు, బర్రెలు. అందరికీ ఒకేసారి తొందర వచ్చింది. ఒకాయన "షాదీ జేస్తున్నరా, పూల్ కొన్నరా?" అని అరిచాడు, వంతెన మా సొంతమైనట్టు. బావ మాత్రం గొడవ పెట్టలేదు. కారులోనే నిలబడి, మణికట్టు గడియారం చూసుకుని, చాలా మెల్లగా, "పదకొండు పది యాదీ. ఇగ అయిపోయిందిరా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. అప్పటిదాకా నాకు నా సీటే కనిపించింది. ఆ క్షణంలో మొదటిసారి దాని పక్కన ఇంకో మనిషి కూర్చున్నాడని తెలిసింది.

"లారీ!" అని అరిచాను. "బావా, లారీ ఎక్కు! అందరూ పట్టుండ్రి, కారు పక్కకు నూకుదాం!"

ఆ రోజు నేను మాట్లాడిన బుద్ధిగల మాట అదొక్కటే. మామ కథలో అది ఎప్పుడూ ఉండదు. బ్యాండువాళ్ళు, టాంగావాళ్ళు, బర్రెలాయన, అందరం కలిసి పులిని గోడకు నెట్టాం. లారీ ముందుకొచ్చింది. బావను పైకెత్తారు. కూర్చోవడానికి చోటు లేక, అన్నిటికంటే పెద్ద గంగాళం బోర్లించి, దాని మీద తివాచీ పరిచి కూర్చోబెట్టారు. నిజం చెప్పాలి, సింహాసనం మీద కూర్చున్నట్టే ఉన్నాడు. బ్యాండు కూడా ఎక్కింది. నేను కాలెత్తి లారీ మెట్టు మీద పెట్టాను.

"నువ్వేడికిరా?" అన్నాడు మామ.

"పెళ్ళికి మామా."

"జాగ లేదు. కారు కాడ కూసో. ఎవడన్న మిగిలిన బోల్టులు ఎత్తుకపోతడు."

లారీ వెళ్ళిపోయింది. చోటు లేదట. గిన్నెల లారీలో. నాకు!

ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు చేరారట. పెళ్ళి జరిగింది. బగారా అన్నం, మటన్, డబల్ కా మీఠా, అన్నీ అయ్యాయి. నాకోసం ఒక్క విస్తరి కూడా దాచలేదు. ఎర్రటి ఎండలో వంతెన గోడకు ఆనుకుని కూర్చుంటే, కబురు అందుకుని ఖాదర్ భాయ్ వచ్చాడు. ఇంజనులో చూడలేదు. ముందుగా జాలీ దగ్గర వంగి, ఉడికిన చాదర్ కొస పట్టుకుని లేపాడు.

"నోరు ముయ్యొద్దన్న."

"పూలు భాయ్..."

"పూలతోటి పీక పిసికినవ్ యాదగిరీ."

కాసేపటికి బడే సాబ్ రిక్షాలో దిగాడు. నేను లేచి నిలబడి, కొట్టినా పడదామని తల వంచాను. ఆయన ఇంజను పక్కనున్న రంధ్రంలోంచి చాలాసేపు చూశాడు. అందులోంచి అవతల మూసీ కనిపిస్తోంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"షాదీ హోగయీ?" పెళ్ళి అయిపోయిందా అని.

"హోగయీ సాబ్."

"ఖానా ఖాయే?"

ఆ రోజు నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆయన ఒక్కడే, ఆయన పులిని చంపింది నేనైనా. ఏడుపు ఆగలేదు. దేవిడీకి తీసుకెళ్ళి అన్నం పెట్టి, తిన్నాక ఎదురుగా టైపు మిషన్ కూడా పెట్టాడు. మాటంటే మాట. ఆయన కన్నుమూసేదాకా ఆ నల్లా అర్జీలు నేనే కొట్టాను. కాగితాలు ఎగరకుండా మీద పెట్టుకోమని ఆ ఇంజను పిస్టన్ ఒకటి నాకిచ్చాడు. ఇది రాస్తున్నప్పుడూ కాగితాల మీద అదే ఉంది.

అసలు అన్యాయం తర్వాత జరిగింది. బావ సంసారం బంగారంలా సాగింది. దానికి కారణం గంగాళమేనని మామ తేల్చాడు. "మన ఇంట్ల పెండ్లికొడుకు గంగాళం మీద కూసోనే పోవాలె" అని ఆనవాయితీ పెట్టాడు. అప్పటినుంచి ఏ పెళ్ళికైనా లారీని పూలతో ముంచుతారు. పెళ్ళికొడుకుతో పాటు పెద్దవాళ్ళంతా గిన్నెల మధ్య కూర్చోవడం గొప్ప మర్యాద. సీట్ల కోసం నెల ముందు నుంచే పైరవీలు నడుస్తాయి. నన్ను మాత్రం, "యాదగిరికి కార్లంటే పాణం" అని నవ్వి, విడిగా కారు ఎక్కిస్తారు. పోయినసారి అద్దాలు బిగించిన చల్లటి కారులో ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఇక చాదర్ ఎవరు కట్టారన్న సంగతి. పూలవాడే కట్టాడని ఇన్నేళ్ళూ వాదించాను. మొన్న అత్తమ్మ పెట్టె సర్దుతుంటే పాత ఫోటో ఒకటి బయటపడింది. అందులో కారు మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక పంటితో నొక్కి, చాదర్ బిగిస్తున్నది నేనే. ఒప్పుకుంటున్నాను. కానీ ఫోటో అంచున ఇంకో చెయ్యి ఉంది. నాకు దారం అందిస్తోంది. ఆ మణికట్టుకు పసుపు కంకణం ఉంది. ఆ రోజు కంకణం కట్టుకున్న మనిషి ఒక్కడే.

కనుక అందరి సాక్షిగా, పిస్టన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే బండి మూతికీ పూలు కట్టను. ఇప్పటికే దసరాకు నా స్కూటరు దండ వెనక నంబరు పలక మీదే వేస్తున్నాను. ఎర్ర గీత దగ్గర ముల్లు కనిపిస్తే, అది ఎవరి బండిదైనా, రోడ్డు మధ్యలో దిగిపోతాను.

నర్సింగ్ బావా, వచ్చే నెల నీ చిన్నకొడుకు పెళ్ళి. ఫోటో నా దగ్గరే ఉంది, పానకం తర్వాత పదిమందికీ చూపించడానికి నాకేం కష్టం లేదు. నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను, మంచినీళ్ళిచ్చి తప్పించుకోకు. గిన్నెల లారీలో నాకు సీటు ఉందా, లేదా? జవాబు చెప్పు.